రానివాళ్ల జాబితా

బ్రిటన్‌లో డాక్టరు దగ్గర పేరు నమోదైన ప్రతి మనిషికీ ఒక కవరు ఉండేది. ఏడంగుళాల పొడవు, అయిదంగుళాల వెడల్పు, గోధుమరంగు దళసరి కాగితం. దాన్ని లాయిడ్ జార్జ్ కవరు అనేవారు. ఆయన ఆర్థికమంత్రిగా ఉండగా 1911లో వచ్చిన జాతీయ బీమా చట్టంతో కార్మికుడికి ఊరి డాక్టరు వైద్యం హక్కుగా దక్కింది. ఆ ఏర్పాటులోంచే ఈ కవరూ పుట్టింది. మనిషి ఊరు మారితే కవరు కూడా అతని వెనకాలే కొత్త డాక్టరు దగ్గరకు చేరేది. లోపల ఇరుకు గీతల కార్డులు, వాటి మీద డాక్టరు గిలికిన రెండు ముక్కలు, మడత మీద మడత పెట్టి కుక్కిన ఆసుపత్రి ఉత్తరాలు. యాభై దాటినవాడి కవరు ఉబ్బి ఇటుకంత అయ్యేది.

నేను కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో చదువుకుని 1970లలో ఆ దేశం వెళ్లాను. మాలాంటివాళ్లకు ఆసుపత్రుల్లో వృద్ధుల వార్డుల్లోనో మానసిక వైద్యశాలల్లోనో పని దొరికేది. ఆపైన పెద్ద డాక్టరు కావడం అంత తేలిక కాదు. దక్షిణ వేల్స్ బొగ్గుగనుల లోయల్లో మాత్రం కుటుంబ వైద్యులు దొరక్క ప్రాక్టీసులు ఖాళీగా ఉండేవి. ఆ వానకీ, ఆ మసికీ, ఆ పనిభారానికీ అక్కడి కుర్ర డాక్టర్లు వచ్చేవారు కారు. మేం వెళ్లాం. గుంటూరు, విశాఖ, కర్నూలు, హైదరాబాదు కాలేజీల వాళ్లు ఏదో ఒక లోయలో తగులుతూనే ఉండేవారు. 1980లు వచ్చేసరికి బ్రిటన్ కుటుంబ వైద్యుల్లో నూటికి పదహారుమంది మన ఉపఖండంలో పుట్టినవాళ్లు. లోయల్లో ఆ పాళ్లు ఇంకా ఎక్కువ.

డాక్టరు కూర్చునే చోటుని అక్కడ సర్జరీ అంటారు. మా సర్జరీలో గోడ పొడవునా ఇనప అరలు, అరల నిండా కవర్లు. అక్షరక్రమంలో పెట్టినా వెంటనే దొరికేవి కావు. ఊళ్లో సగంమంది జోన్సులు, డేవిస్‌లు, ఎవాన్స్‌లు, విలియమ్స్‌లు. ఇంటిపేర్లకు కొదవలేని నేల నుంచి వెళ్లిన నాకు, ఊరంతా కలిసి గుప్పెడు ఇంటిపేర్లు పంచుకోవడం చాలాకాలం వింతగానే ఉండేది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు అరలో వరసగా ఉండేవారు. మా రిసెప్షనిస్టు ఒకావిడ వీధి పేరు, తండ్రి ఏ గనిలో చేశాడో చెబితే చాలు, కళ్లు మూసుకుని కవరు లాగేది. ఊరి చరిత్రంతా ఆవిడ నోట్లో ఉండేది. కానీ ఈ కవర్లలో గుండెజబ్బు ఉన్నవాళ్లు ఎందరు అని అడిగితే ఆవిడా చెప్పలేదు, నేనూ చెప్పలేను, దేశం మొత్తం మీద చెప్పగల డాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలగడానికి ఒక దేశానికి దశాబ్దాలు పట్టిన కథ ఇది. గుండెజబ్బు చరిత్ర అనగానే మనవాళ్లకు బైపాస్, స్టెంటు, పెద్దాసుపత్రి గుర్తొస్తాయి. నేను నా జీవితమంతా చూసింది ఇంకో చరిత్ర. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషి ఆ తర్వాత పదేళ్లో ఇరవయ్యేళ్లో ఎవరి చూపులో ఉన్నాడు, అసలు ఎవరి చూపులోనైనా ఉన్నాడా అన్నది.

1948లో జాతీయ ఆరోగ్య సేవ వచ్చింది. దాన్ని తెచ్చిన అన్యూరిన్ బెవన్ మా పక్క లోయలవాడే, ట్రెడిగార్‌లో పుట్టిన గని కార్మికుడు. అక్కడి కార్మికులు తమ కూలిలోంచి పెన్నీలు వేసుకుని నడుపుకున్న వైద్య సహాయ సంఘాన్ని చూసి పెరిగాడు. కొత్త పద్ధతిలో ప్రతి కుటుంబ వైద్యుడికీ ఒక జాబితా ఉంటుంది, అందులో రెండువేల పైచిలుకు పేర్లు. వచ్చినా రాకపోయినా వాళ్ల బాధ్యత ఆయనదే, తలకింత అని ఆయనకు జీతం. ఇది మామూలు విషయంలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో మొత్తం కథకు పునాది ఇదే. మన దగ్గర డాక్టరుకు తన దగ్గరకొచ్చిన రోగులు తెలుసు. తన వాళ్లయి ఉండి తన దగ్గరకు రానివాళ్లెవరో తెలియదు. అసలు "తన వాళ్లు" అనేదే లేదు.

పునాది ఉంది గానీ దాని మీద చాలాకాలం ఏమీ లేవలేదు. పొద్దున రెండుగంటలు, సాయంత్రం రెండుగంటలు సర్జరీ. బెంచీల మీద వరసగా కూర్చుంటారు. వచ్చినవాణ్ని చూస్తాం, పంపుతాం. నర్సు లేదు. చాలాచోట్ల రిసెప్షనిస్టు అంటే డాక్టరుగారి భార్యే. 1950లో జోసెఫ్ కాలింగ్స్ అనే ఆస్ట్రేలియా డాక్టరు దేశమంతా తిరిగి ఈ సర్జరీల దుస్థితి లాన్సెట్ పత్రికలో రాస్తే పెద్ద గగ్గోలయింది. 1966లో డాక్టర్లకూ ప్రభుత్వానికీ కుదిరిన ఒప్పందంతో సిబ్బంది జీతంలో నూటికి డెబ్భై వంతు సర్కారు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. సర్జరీలో నర్సు అడుగుపెట్టింది అప్పుడే. తర్వాత గుండెజబ్బు పని నడిపింది ఈ నర్సులే కాబట్టి ఆ డెబ్భై వంతును నేను చాలా గౌరవంగా తలుచుకుంటాను.

అప్పట్లో గుండెపోటు వచ్చిన మనిషి దారి ఇలా ఉండేది. ఆసుపత్రిలో వారాల తరబడి మంచం దిగనివ్వరు. ఇంటికి పంపేటప్పుడు ఒక ఉత్తరం. అది కవర్లోకి వెళ్తుంది. ఒకటి రెండుసార్లు వచ్చి కనిపిస్తాడు. ఆ తర్వాత మందులు "రిపీట్" మీద పడతాయి: కాగితం ముక్క మీద మందు పేరు రాసి డబ్బాలో వేస్తే రిసెప్షనిస్టు చీటీ రాసిపెడుతుంది, డాక్టరు మధ్యాహ్నం దొంతర మీద దొంతర సంతకాలు పెడతాడు. మనిషి మళ్లీ మా ఎదట కూర్చోకుండానే ఏళ్లు గడిచిపోయేవి. గని కార్మికుడు నొప్పి చెప్పుకునేవాడు కూడా కాదు. ఊపిరి ఆడకపోతే దుమ్ము అనుకునేవాడు. బొగ్గు దుమ్ము నిజంగానే ఊపిరితిత్తుల్లో ఉండేది. గుండె దాని వెనక దాక్కునేది.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే ట్రైనైట్రేట్ మాత్రల సంగతి ఒకటి చెప్పాలి. చిన్న గోధుమరంగు గాజుసీసాలో వస్తాయి. మూత తీశాక ఎనిమిది వారాలు దాటితే వాటి బలం పోతుంది, పారేసి కొత్త సీసా తీసుకోవాలి. పెట్టుకోగానే నాలుక చురుక్కుమనాలి, అప్పుడే మాత్రలో మందు ఉన్నట్టని అప్పట్లో లెక్క. మా ముసలి కార్మికులు ఆ సీసాను కోటు లోపలి జేబులో ఏడాదికేడాది మోసేవారు. అవసరానికి ఉంచుకోవాలని పొదుపుగా వాడేవారు. చురుక్కుమంటోందా అని అడిగితే, ఎప్పుడో మొదట్లో అనేది డాక్టర్, అనేవారు. అంటే నొప్పి వచ్చిన రోజున వాళ్లు నమ్ముకున్నది సున్నం బిళ్లతో సమానం. ఆ సీసా జేబులోంచి తీయించి, మూత మీద తేదీ చూడాలంటే ఒక మనిషికి ఇరవై నిమిషాల తీరిక కావాలి. సర్జరీలో మాకు అయిదారు నిమిషాలు ఉండేవి.

లోయల్లోనే ఒకాయన దీన్ని తలకిందులు చేశాడు. జూలియన్ ట్యూడర్ హార్ట్. 1927లో లండన్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, కార్డిఫ్‌లో ఆర్చీ కోక్రేన్ దగ్గర జనాల్లో రోగాల లెక్కలు కట్టే విద్య నేర్చి, 1961లో ఆఫన్ లోయ కొసన ఉన్న గ్లిన్‌కోరుగ్ అనే గని పల్లెలో డాక్టరుగా స్థిరపడ్డాడు. సుమారు రెండువేల జనాభా, ఒకటే రోడ్డు, దాని చివర కొండ. గట్టి కమ్యూనిస్టు, పార్లమెంటుకు కూడా పోటీచేశాడు. ఊళ్లో వాళ్లు ఓట్లు పెద్దగా వేయలేదు గానీ చేతులు మాత్రం బీపీ పట్టాకు ఇచ్చారు.

1967లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన ఒక పరీక్ష, బాగా ఎక్కువ బీపీ ఉన్నవాళ్లకు మందులిస్తే పక్షవాతాలూ మరణాలూ తగ్గుతాయని స్పష్టంగా తేల్చింది. మరుసటి ఏడు నుంచే హార్ట్ తన ఊళ్లో ఇరవైకీ అరవైనాలుగుకీ మధ్య వయసున్న ప్రతి మనిషి బీపీ కొలవాలని కూర్చున్నాడు. శిబిరం పెట్టలేదు, డప్పు వేయించలేదు. జలుబుకొచ్చినా, చెవిలో గుబిలి తీయించుకోవడానికొచ్చినా, చొక్కా చేయి పైకెత్తమనేవాడు. ఎవరి కార్డులో అంకె లేదో గుర్తుపెట్టి ఉంచేవారు. ఊరు ఊరంతా ఏదో ఒక పనికి రెండుమూడేళ్లలో డాక్టరు గడప తొక్కుతుందని ఆయనకు తెలుసు. తొక్కనివాళ్ల ఇంటికి తనే వెళ్లాడు. కొద్దిమంది తప్ప అందరి అంకే కార్డులోకి ఎక్కింది. 1970లో ఆ పని లాన్సెట్‌లో అచ్చయింది. సరిగ్గా ఆ ఏడే ఊళ్లో గని మూతపడింది.

ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది 1971లో రాసిన ఇంకో వ్యాసంతో. మంచి వైద్యం ఎక్కువ అవసరం ఉన్నచోటే తక్కువ దొరుకుతుందని, వైద్యం బజారు సరుకైన కొద్దీ ఈ తిరగలి ఇంకా గట్టిగా తిరుగుతుందని అందులో వాదించాడు. వైద్య విద్యార్థులు దాన్ని ఇప్పటికీ చదువుతారు. కానీ నాకు ఆ వ్యాసం కంటే ఆయన కార్డులే ఎక్కువ విలువైనవి. ఆయన భార్య మేరీ పరిశోధనలో ఆయనకు కుడిభుజం. ఉన్న బీపీ రోగుల్లో సగంమందే డాక్టరుకు తెలుసు, తెలిసిన సగంలో సగానికే మందు అందుతుంది, అందిన సగంలో సగానికే బీపీ అదుపులో ఉంటుందని అప్పట్లో ఒక లెక్క ఉండేది. సగంలో సగంలో సగం, ఎనిమిదో వంతు. ఆ లెక్క తన ఊళ్లో నిజం కాకుండా చేయాలని ఆయన పాతికేళ్లు పట్టుబట్టాడు. 1991లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ పాతికేళ్ల పద్దు పెట్టాడు. మగవాళ్లలో పొగతాగేవాళ్లు నూటికి 61 నుంచి 36కు దిగారు. వెతికి పట్టుకున్న బీపీ రోగుల సగటు 186/110 నుంచి 146/84కు వచ్చింది. ఇలా వెతికే పద్ధతి లేని పక్క గని పల్లెతో పోలిస్తే అకాల మరణాలు పాతిక శాతానికి పైగా తక్కువ. అదే కొండ, అదే వాన, అదే నిరుద్యోగం. తేడా ఆ కార్డుల దగ్గరే.

మా ప్రాక్టీసుల్లో దీన్ని చదివినవాళ్లకు ఒక సందేహం ఉండేది. హార్ట్ లాంటి మనిషి ఊరికొకడు పుట్టడు కదా, మామూలు డాక్టరు, మామూలు నర్సు ఈ పని చేయగలరా అని. సందేహం న్యాయమైనదే.

ఈలోగా మందులు వచ్చాయి. ఆ కథలో కూడా దక్షిణ వేల్స్‌కి వాటా ఉంది. 1974లో కార్డిఫ్‌లో పీటర్ ఎల్‌వుడ్, కోక్రేన్ కలిసి గుండెపోటు నుంచి కోలుకున్న 1239 మంది మగవాళ్లలో సగంమందికి ఆస్పిరిన్, సగంమందికి ఉత్త మాత్ర ఇచ్చి చూసిన ఫలితం అచ్చువేశారు. మరణాలు తగ్గినట్టు కనిపించింది గానీ లెక్క గట్టిగా నిలవలేదు. నిలబెట్టిన పెద్ద పరీక్షలు 1980లలో వచ్చాయి. తర్వాత 1994లో స్కాండినేవియా దేశాల నుంచి కొలెస్టరాల్ తగ్గించే సింవాస్టాటిన్ మందు ఫలితం: 4444 మంది రోగులు, ఉత్త మాత్ర తీసుకున్నవాళ్లలో 256 మంది చనిపోతే మందు తీసుకున్నవాళ్లలో 182 మంది. ఆ పట్టిక చదివిన రోజు నాకు గుర్తుంది. ఇక సాకు లేదనుకున్నాను. ఆస్పిరిన్ ఉంది, బీటా బ్లాకర్ ఉంది, స్టాటిన్ ఉంది, ఏసీఈ మందులున్నాయి. ఇవ్వాల్సిన మనిషి మాత్రం ఏ అరలో ఏ కవర్లో ఉన్నాడో తెలియదు.

1990లో ప్రభుత్వం కొత్త కాంట్రాక్టు రుద్దింది. ఆరోగ్య ప్రచార క్లినిక్కు పెడితే క్లినిక్కుకింత అని డబ్బు. దేశమంతా క్లినిక్కులు పుట్టుకొచ్చాయి. వాటికి వచ్చిందెవరు? వారానికి మూడుసార్లు ఈతకెళ్లే ఉపాధ్యాయినులు, పొగ మానేసి పదేళ్లయినవాళ్లు. మంచివాళ్లే, వాళ్లను తప్పుపట్టను. కానీ గుండెపోటు వచ్చి కొండ మీద వీధిలో ఇంట్లో కూర్చున్న మనిషి రాలేదు. మూడేళ్లకే ఆ పద్ధతి ఎత్తేశారు. హార్ట్ చెప్పిన తిరగలి అక్కడా తిరిగింది.

మామూలు డాక్టరు, మామూలు నర్సు ఈ పని చేయగలరా అన్న సందేహానికి జవాబు స్కాట్లండు ఈశాన్యంలో గ్రాంపియన్ ప్రాంతం నుంచి వచ్చింది. నీల్ క్యాంప్‌బెల్, ఆయన బృందం 19 మామూలు ప్రాక్టీసుల్లో గుండెజబ్బు ఉన్న 1343 మందిని తీసుకున్నారు. సగంమందిని నర్సు నడిపే క్లినిక్కుకు పిలిచారు, మిగతా సగం మామూలుగా. నర్సు చేసేది మహత్తు ఏమీ కాదు. ఆస్పిరిన్ వేసుకుంటున్నారా, బీపీ ఎంత, కొలెస్టరాల్ ఎంత, నడుస్తున్నారా, ఏం తింటున్నారు, పొగ సంగతేమిటి అని అడుగుతుంది. నొప్పి ఉంటే డాక్టరుకు చెబుతుంది. తర్వాత రావాల్సిన తేదీ రాసి పంపుతుంది. 1998లో ఫలితాలు వచ్చినప్పుడు మందులూ అలవాట్లూ మెరుగైనట్టు కనిపించింది. 2003లో, నాలుగేళ్లకు పైగా గడిచాక చూస్తే, మామూలు వైద్యంలో ఉన్నవాళ్లలో నూటికి 18.9 మంది చనిపోయారు, నర్సు క్లినిక్కుకు పిలిచినవాళ్లలో 14.5 మంది. కొత్త మందు ఒక్కటీ లేదు. ఒక నర్సు, ఒక పట్టిక, ఒక పిలుపు ఉత్తరం.

పిలవాలంటే మొదట జాబితా కావాలి. దాన్ని ఎలా తయారుచేశామో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ చరిత్ర రాసేవాళ్లు ఈ భాగాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు.

మాకు కంప్యూటరు వచ్చి కొన్నేళ్లయింది గానీ అందులో ఉన్నది మందుల చీటీలే. అక్కడి నుంచే మొదలుపెట్టాం. నాలుక కింద మాత్రలు, స్ప్రేలు, ఐసోసార్బైడ్ తీసుకుంటున్నవాళ్ల పేర్లన్నీ తీయించాం. గుండె రక్తనాళాల జబ్బు లేకుండా ఆ మందులు వాడేవాళ్లు తక్కువ. ఆ వడపోత బాగా పనిచేసింది. కానీ గుండెపోటు వచ్చి నొప్పిలేకుండా తిరుగుతున్నవాళ్లు అందులో దొరకరు. వాళ్లకోసం కవర్లు విప్పాల్సిందే. సాయంత్రం సర్జరీ అయ్యాక నేనూ మా నర్సూ రిసెప్షన్ బల్ల మీద రోజుకొక అర చొప్పున దించుకునేవాళ్లం. ఉత్తరాల మడతలు విప్పి, వెనక్కి మడిచి, మళ్లీ కుక్కాలి. కాగితం పాతబడి మడతల దగ్గర చిరిగేది. వేళ్లు నల్లబడేవి. 1960లలో రాసిన ఒక ఉత్తరంలో "కరోనరీ" అన్న మాట కనిపిస్తే, ఆ తర్వాత ముప్ఫయ్యేళ్లుగా ఎవరూ దాని ఊసెత్తి ఉండరు. "ఛాతీనొప్పి" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టినవి బోలెడు. వాటిని రెండు కుప్పలు చేసి, తేలనివాళ్లను పిలిచి అడిగాం. కొందరికి అసలు జబ్బే లేదని తేలింది. ఏ కుర్రడాక్టరో తొందరపడి వేసిన ముద్రను ఇరవయ్యేళ్లుగా మోస్తూ, మెట్లెక్కడం మానేసి, భార్య చేత బూట్లు తుడిపించుకుంటూ బతికినవాళ్లున్నారు. జాబితాలోంచి ఒక పేరు కొట్టేయడం కూడా వైద్యమేనని నాకు ఆ సాయంత్రాల్లో అర్థమైంది.

తేలిన పేరుకు కంప్యూటరులో ఒక కోడు పడుతుంది. లఫ్‌బరో ఊరి కుటుంబ వైద్యుడు జేమ్స్ రీడ్ 1980లలో తయారుచేసిన పద్ధతి అది. మనిషికి ఉండే ప్రతి జబ్బుకూ ఒక గుర్తు, గుండె రక్తనాళాల జబ్బుకు జీ3. ఒక డాక్టరు "యాంజైనా" అని, ఇంకో డాక్టరు "గుండెనొప్పి" అని రాస్తే యంత్రం రెండూ ఒకటేనని పోల్చుకోలేదు. కోడు ఒకటే అయితే పోల్చుకుంటుంది. ఆ తర్వాత మీట నొక్కితే చాలు: జీ3 ఉండి ఏడాదిగా బీపీ కొలవనివాళ్లు, జీ3 ఉండి ఆస్పిరిన్ లేనివాళ్లు. మొదటిసారి ఆ పట్టిక ముద్రణ యంత్రంలోంచి బయటికి వస్తుంటే మా నర్సు ఒక్కో పేరూ చదువుతూ, ఈయన మా వీధేనే, ఈయన నిన్న కొట్లో కనిపించాడే అంది. అందరూ కళ్లెదుటే తిరుగుతున్నవాళ్లు.

పిలుపు ఉత్తరాలకు సగంపైన వచ్చారు. రానివాళ్లకు రెండో ఉత్తరం, ఆపైన ఫోను. మగవాళ్లకు రాస్తే రారని మా నర్సు కనిపెట్టి, భార్యలు వాళ్ల మోకాళ్ల నొప్పికో చక్కెరకో వచ్చినప్పుడు పట్టుకునేది. ఆ ఉపాయం ఏ మార్గదర్శక పత్రంలోనూ లేదు. ఆమెకిచ్చిన గదిలో మందుల సీసా మూత మీది తేదీ చూడడానికి తీరిక ఉండేది.

ఇంగ్లండు 2000 మార్చిలో గుండెజబ్బుకు జాతీయ ప్రణాళిక ప్రకటించింది. పన్నెండు ప్రమాణాలు. జబ్బు ఉన్న ప్రతి మనిషినీ కుటుంబ వైద్య బృందం గుర్తించి, మందూ సలహా ఇవ్వాలన్నది అందులో ఒకటి. వేల్స్ మరుసటి ఏడాది తన సొంత పత్రం తెచ్చుకుంది. ఊళ్లో ఒకడు మొండిగా చేసిన పని అలా దేశానికి విధి అయింది.

2004 ఏప్రిల్‌లో దానికి డబ్బు ముడిపెట్టారు. మొత్తం 1050 పాయింట్లు, మొదటి ఏడాది సగటు ప్రాక్టీసుకు పాయింటుకు 75 పౌన్లు. గుండెజబ్బుకు 121 పాయింట్లు. జాబితా ఉంటే కొన్ని, పొగ సంగతి రాస్తే కొన్ని, రోగుల్లో నూటికి డెబ్భైమందికి బీపీ 150/90 లోపు ఉంటే ఇంకొన్ని, అరవైమందికి కొలెస్టరాల్ లీటరుకు 5 మిల్లీమోల్స్ దాటకుండా ఉంటే మరికొన్ని. అప్పటిదాకా ప్రపంచంలో ఏ దేశమూ కుటుంబ వైద్యులకు ఇంత పెద్ద ఎత్తున ఇలా ఫలితానికి డబ్బు కట్టలేదు. ప్రాక్టీసులు ఎగబడ్డాయి. సర్కారు అనుకున్నదానికంటే ఎక్కువే సాధించి, ఖజానాకు ఎక్కువే ఖర్చు తెచ్చాయి.

దీని మీద నా అభిప్రాయం రెండు ముక్కలుగా ఉంది, రెండింటినీ కలపడానికి నేను ప్రయత్నించను. ఒకటి: పేద ఊళ్ల ప్రాక్టీసులు సంపన్న ఊళ్ల ప్రాక్టీసులను అందుకున్నాయి. ఇంగ్లండులో మొదటి ఏడాది రెండింటికీ మధ్య 4 శాతం తేడా ఉంటే, మూడో ఏడాదికి అది 0.8కి తగ్గిందని టిమ్ డోరన్ బృందం 2008లో లాన్సెట్‌లో చూపించింది. హార్ట్ చెప్పిన తిరగలిని వెనక్కి తిప్పినవి నాకు తెలిసి చాలా కొద్ది. ఇది వాటిలో ఒకటి. రెండు: రోగి కూర్చోగానే తెర మీద ఎర్రటి గుర్తులు వెలిగేవి, బీపీ లేదు, కొలెస్టరాల్ లేదు అని. భార్య పోయిన మనిషి నోరు విప్పబోతుంటే మన కన్ను ఆ గుర్తు మీదికి పోయేది. తెలిసిన డాక్టరునే మళ్లీ మళ్లీ చూడగలగడం కూడా ఆ తర్వాత తగ్గిందని రోగులు చెప్పినట్టు 2009లో లెక్కలు వచ్చాయి. హార్ట్ ఊళ్లో కార్డూ, దాన్ని చూసే మనిషీ పాతికేళ్లు ఒకరే. పాయింట్ల లెక్కలో కార్డు మిగిలి మనిషి మారిపోతూ వచ్చాడు. స్కాట్లండు 2016లో ఈ పాయింట్ల పద్ధతిని వదిలేసింది. జాబితాలను మాత్రం ఎవరూ వదల్లేదు.

మేం అక్కడ పాయింట్లు లెక్కపెట్టుకుంటున్న రోజుల్లోనే మా గోదావరి జిల్లాల్లో ఒక అధ్యయనం జరిగింది. తూర్పు, పశ్చిమ గోదావరుల్లో 45 ఊళ్లు, సుమారు లక్షా ఎనభైవేల జనం. ఒక ఏడాదిలో చనిపోయిన 1354 మంది ఇళ్లకు గ్రామ ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి, ఎలా పోయారని ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి అడిగారు. 2006లో ఫలితం అచ్చయింది. నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారు. అంటురోగాలతో పోయినవాళ్లు 12 మంది. వరిచేలూ కొబ్బరితోటల నడుమ ఉన్న ఊళ్ల లెక్క అది. నేను చదువుకునే రోజుల్లో పల్లెటూరి రోగం అంటే కలరా, టైఫాయిడ్, క్షయ అని నేర్పారు. గుండెజబ్బు పట్నంలో షావుకార్లకొచ్చేదని మా ప్రొఫెసర్లు నిజంగా నమ్మేవారు.

సెలవులకు వచ్చినప్పుడు మా ఊరి చుట్టాలు నాకు తమ ఫైళ్లు చూపిస్తారు. బట్టలకొట్టు ప్లాస్టిక్ సంచిలో ఈసీజీ కాగితాలు, యాంజియోగ్రామ్ సీడీ, ముగ్గురు నలుగురు డాక్టర్ల చీటీలు. అవి బీరువాలో చీరల కింద ఉంటాయి. వైద్యం బాగానే జరిగింది, స్టెంటు వేశారు, ఆరోగ్యశ్రీలో డబ్బు కట్టారు. కానీ కాగితమంతా రోగి దగ్గరే ఉంది. ఆయన మందులు మానేసి ఇంట్లో కూర్చుంటే, మానేశాడని తెలిసే మనిషి గానీ యంత్రం గానీ ఊళ్లో లేదు. మా పెద్దనాన్న కొడుకు స్టెంటు పడ్డ ఏడాదిలోపే, బాగానే ఉన్నాను కదరా అని మాత్రలన్నీ ఆపేశాడు. ఆ సంగతి నాకు భోజనాల దగ్గర వాళ్ల ఆవిడ చెబితే తెలిసింది. వేల్స్‌లో అయితే రెండో నెలకే మా నర్సు ఆయన తలుపు కొట్టేది.

ప్రయత్నాలు లేకపోలేదు. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, 54 ఊళ్లలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్లు ఇచ్చి, ప్రమాదం ఎక్కువున్నవాళ్లను గుర్తించి డాక్టరు దగ్గరకు పంపే పద్ధతి పరీక్షించారు. ఫలితాలు 2019లో వచ్చాయి. ఆశాలు తమ పని తాము చేశారు. కానీ బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పేరు రాసుకున్నాక మందు క్రమంగా అందాలి, ఇచ్చే డాక్టరు కుర్చీలో ఉండాలి. గ్రాంపియన్ నర్సుకు ఆ రెండూ వెనక సిద్ధంగా ఉన్నాయి.

2017 నవంబరులో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఈ పాఠం పట్టుకున్నట్టే ఉంది. మొదటి విడతలో అయిదు రాష్ట్రాల్లో 25 జిల్లాలు, వాటిలో తెలంగాణవీ ఉన్నాయి. రాష్ట్రమంతటా ఒకే మందుల క్రమం, మందు నిల్వ తరిగిపోకుండా చూడడం, నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వడం, బీపీ కొలిచే పని నర్సుకు అప్పగించడం. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది: రోగి దగ్గర ఒక పుస్తకం ఉంటే, చికిత్స కార్డు ఆరోగ్య కేంద్రంలోనే ఉంటుంది. కొన్ని రాష్ట్రాల్లో దాన్ని ఫోన్‌లోకి ఎక్కించారు. తేదీ దాటినా రానివాళ్ల పేర్లు నర్సు తెర మీద విడిగా వస్తాయి, పక్కనే ఫోను నంబరు. ఆ వరసలో మొదటి పేరుకు ఆమె ఫోను చేస్తుంది. ఎత్తకపోతే ఆ వీధి ఆశాకు చెబుతుంది.